తమ్ముడి కొలతకి అల్యూమినియం బల్ల

ముందు మీరు చెప్పండి, ఏం చూశారు? ఆదివారం పొద్దున్న కాలవగట్టు రోడ్డు మీద ఇద్దరన్నదమ్ములు మూడోవాణ్ణి భుజాల మీద వెల్లకిలా పడుకోబెట్టి మోసుకుపోతుంటే చూశారా లేదా? చూసి, అయ్యో పాపం అన్నారా లేదా? కొందరైతే చెప్పులు విడిచి దణ్ణం కూడా పెట్టారు. కళ్ళుండి ఏం లాభం! అది శవం కాదయ్యా. అది కొలత.

అసలు పోలరాజు ఇంట్లో తెలివికేం కరువు లేదు. ఆ మాట పోలరాజే చెబుతాడు. "ఊళ్ళోవాళ్ళు తలకో ఆలోచన చేసి బుర్రలు అరగదీసుకుంటారు. మా ముగ్గురన్నదమ్ములం కలిసి ఒక్కటే ఆలోచిస్తాం. మిగతా రెండు బుర్రలూ కొత్తవి కొత్తవిగానే ఉంటాయి." నడిపోడు అబ్బులు, కడగొట్టువాడు నూకరాజు అవునవునని తలలూపేవాళ్ళు. పోలరాజు పెళ్ళాం వరాలమ్మ మురిసిపోయేది.

నవ్వకండి! ఏళ్ళ తరబడి నెత్తిన మట్టి తట్టలు మోసి, మెడలు వంగిపోయి, ముగ్గురూ కలిసి ఒక చిన్న ట్రక్కు కొనుక్కున్నారు. నర్సరీ అనసూయమ్మగారి మొక్కలు తోలేవాళ్ళు. తడి మొక్కల కింద బండి ఇనపరేకు తుప్పు పట్టి చిల్లులు పడింది. ఎక్కించిన మొక్కలు సగం దారిలోనే దిగిపోయేవి. ఆవిడకి ఒళ్ళు మండింది.

"ఆ రేకు తీసేసి తుప్పు పట్టని అల్యూమినియం బల్ల వేయించుకో పోలరాజూ. ఏడాది పొడుగునా మొక్కల తోలకం నీకే ఇస్తా. లేకపోతే ఇంకొకరిని చూసుకుంటా."

తోలకం పోతే మళ్ళీ మట్టి తట్టే! పోలరాజు పరుగున వెల్డింగ్ షెడ్డు పరదేశి దగ్గరకెళ్ళాడు.

"వెడల్పు నాకు తెలుసు. బండి పొడవు తీసుకురండి, చాలు," అన్నాడు పరదేశి.

ఇంటికొచ్చి పాత రేకు ఊడదీశారు. "అన్నయ్యా, బండే తీసుకెళ్తే పోలా?" అన్నాడు అబ్బులు.

పోలరాజుకి కోపమొచ్చింది. "ఆయన పొడవు తెమ్మన్నాడా, బండి తెమ్మన్నాడా? నీ బుర్ర ఎందుకు వాడతావురా, నాది ఉండగా!"

అంతే. నూకరాజుని బండి చట్రం మీద పడుకోబెట్టారు. కాళ్ళు వెనక అంచుకి తగిలాయి. తల మాత్రం ముందు క్యాబిన్ దాకా రాలేదు. చేతులు పైకి చాపమన్నారు. అచ్చంగా సరిపోయాడు!

"లేవకురా!" అని అరిచాడు పోలరాజు. "లేస్తే పొడవు కాస్తా ఎత్తయిపోతుంది!"

ఇంకేముంది, అలాగే బిర్రబిగిసిన తమ్ముణ్ణి భుజాలకెత్తుకున్నారు. దారిలో జనం దణ్ణాలు పెడుతున్నారు. పెద్దవాళ్ళు దణ్ణం పెడితే తిరిగి పెట్టాలని వరాలమ్మ నేర్పిన పిల్లాడాయె! నూకరాజు పడుకునే రెండు చేతులూ గుండెల మీదకి దించి జోడించి, "నమస్కారం బాబాయ్, బాగున్నారా?" అన్నాడు. బాబాయి కాలవలో దూకాడు. మిగతావాళ్ళు ఎటు పోయారో ఇప్పటికీ తెలీదు.

షెడ్డుకి చేరేసరికి నూకరాజు చేతులు గుండెల మీదే ఉన్నాయి.

"ఇంతేనా పొడవు?" అన్నాడు పరదేశి తల గోక్కుంటూ.

"అంతే. మావాడు అబద్ధమాడడు."

పరదేశి రేకు కోసి, అడ్డపట్టీలు అతికి, చుట్టూ బెత్తెడు అంచు లేపి, తాళ్ళు కట్టడానికి కొక్కేలు పెట్టి ఇచ్చాడు. వెండి పళ్ళెంలా మెరిసిపోయింది. మోసుకొచ్చి బండి మీద పెట్టి చూస్తే ఏముంది, మూరెడు పొట్టి!

"దారిలో వీడు కుంచించుకుపోయాడు," అని పోలరాజు తేల్చాడు. అంతే, పెద్దోడు చేతులు, నడిపోడు కాళ్ళు పట్టుకుని లాగడం మొదలెట్టారు.

"అన్నయ్యోయ్! నేను సాగానో లేదో గానీ చొక్కా సాగింది!"

లాగి లాగి చూశారు. నూకరాజు పొడవయ్యాడేమో, బల్ల మాత్రం కాలేదు. పోలరాజు ముగ్గురి తరఫునా ఆలోచించాడు. "బల్ల కొత్తది. బండి పాతది. కొత్తదాన్ని ఎవడైనా పాడు చేస్తాడా?"

ఇంకేముంది, రంపం తెచ్చి బండి చట్రాన్ని వెనక మూరెడు కోసేశారు. ఎర్ర దీపాలు, నంబరు పలక టపటపా రాలిపడ్డాయి.

"నంబరు పోయిందే అన్నయ్యా?"

"మనకి నోటికి వచ్చుగా! పోలీసాయన అడిగితే ముగ్గురం కలిసి అప్పజెబుదాం."

బల్ల బిగించి నర్సరీకి తీసుకెళ్ళారు. అనసూయమ్మగారు వేలితో కొట్టి చూసింది. టంగుమంది. "బాగుందయ్యా!" అంది. పోలరాజుకి కళ్ళు చెమర్చాయి. గులాబీలు, క్రోటన్లు, అంటు మామిళ్ళు ఎక్కించారు.

"ఇంటి దగ్గర ఒకసారి నీళ్ళు చల్లి బయల్దేరు. కింద నీళ్ళు నిలిచాయంటే వేళ్ళు కుళ్ళిపోతాయి, జాగ్రత్త. ఈ సాయంత్రానికి కొన్నవాళ్ళకి సరుకు చేరిందా, తోలకం నీదే. చేరలేదా, నీ మొహం చూపించకు."

ఇంటికొచ్చి చల్లమన్న నీళ్ళు గుమ్మరించారు. అంచు ఉందాయె, నీళ్ళు నిలిచాయి. పోలరాజు ఇంట్లోకి పరిగెత్తాడు. "వరాలూ, వేళ్ళు కుళ్ళిపోతాయే! తోలకం పోతుందే!"

వరాలమ్మ నడుం మీద చెయ్యేసుకుంది. "ఇంతమంది మగాళ్ళుండి ఇది తెలీదా? పెళ్ళయిన నాటి నుంచి అల్యూమినియం గిన్నెలు కడుగుతున్నాను. నీళ్ళు నిలవకూడదంటే ఏం చేస్తారు? బోర్లిస్తారు!"

"మా వదిన బుర్రే బుర్ర!" అని నూకరాజు చప్పట్లు కొట్టాడు.

అంతే. వీధంతటినీ కేకేసి పిలిచారు. దుంగలు దూర్చి, పలుగులు వేసి, "ఐసా!" అన్నారు. బండి ఒరిగింది. "ఇంకోసారి, ఐసా!" ధడేల్! చక్రాలు ఆకాశంలోకి, మొక్కలు బల్ల కిందకి.

సరిగ్గా అప్పుడే అనసూయమ్మగారు ఆటో దిగింది. "నా మొక్కలేవయ్యా?"

"కింద చల్లగా ఉన్నాయమ్మగారూ," అన్నాడు పోలరాజు గర్వంగా. "చూసుకోండి, ఒక్క చుక్క నిలిస్తే ఒట్టు!"

ఆవిడ నెత్తి బాదుకుంది. "ఇంకా నిలబడ్డావేం? బయల్దేరు! ఎలా బయల్దేరతావో నేనూ చూస్తాను!"

చూస్తానంటే ఊరుకుంటారా! ముగ్గురూ గబగబా క్యాబిన్‌లో దూరి, తలలు కిందకీ కాళ్ళు పైకీ పెట్టి కూర్చున్నారు. ఇంజను బుర్రుమంది. పైన చక్రాలు గిర్రున తిరిగాయి.

"అన్నయ్యా, గతుకులే లేవు! రోడ్డు కొత్తగా వేసినట్టున్నారు!" అన్నాడు అబ్బులు.

పోలరాజు మాత్రం స్టీరింగు పట్టుకుని రోడ్డు వైపే చూస్తున్నాడు. చెమటలు కళ్ళలోకి కాదు, జుట్టులోకి కారుతున్నాయి. సాయంత్రంలోగా చేరాలి. చేరకపోతే మట్టి తట్ట. కాలవ వంతెన దగ్గర కుడివైపు మలుపు వస్తుంది. అది దాటిపోతే అంతే సంగతులు.

అందుకని, మీరు నవ్వడం ఆపి కాస్త చెప్పండి. తలకిందులుగా కూర్చున్నవాడు కుడివైపు తిరగాలంటే స్టీరింగు ఎటు తిప్పాలి?