నాంచారమ్మ మిషన్ బేరం

గోగులపాడు నాంచారమ్మ జాకెట్ల మీద పూలు కుట్టడంలో దిట్ట. వేళ్లు మొద్దుబారుతున్నాయని, ఉన్న ఒక్క పాడిగేదెనూ అమ్మి ఎంబ్రాయిడరీ మిషన్ కొనడానికి పట్నం వెళ్లింది.

కొట్టు యజమాని భూషణం మాటల పుట్ట. వచ్చినవాళ్లందరికీ అంటగట్టే పెద్ద మిషన్నే ఆమెకూ చూపించాడు. నాంచారమ్మ దాని పక్కనున్న చిన్న మిషన్ వైపు చూసింది.

"డిజైన్లన్నీ ఇందులోనే ఉన్నాయమ్మా. ఆ చిన్నదా? దాని సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ మనమే గీసుకోవాలి. పల్లెటూరిదానివి, నీవల్ల కాదు" అన్నాడు.

తప్పు మిషన్ కొంటే గేదే పోయె, బతుకుతెరువూ పోయె అనుకుంది నాంచారమ్మ. ఇంతలో గల్లాపెట్టె దగ్గర కూర్చున్న భూషణం భార్య జాకెట్ కంటబడింది. చేతుల నిండా చిక్కుడుతీగ, ప్రాణమున్నట్టే పాకుతోంది.

"అబ్బ, ఎంత పనితనం! ఎక్కడ కుట్టించారు బాబుగారూ?" అంది నాంచారమ్మ.

"కుట్టించడమా! గీసిందీ, కుట్టిందీ మా ఆవిడే, మా ఇంటి మిషన్ మీదే" అని భూషణం మీసం దువ్వాడు.

"అయితే నాకు పెద్దదా, చిన్నదా అన్న మాటే వద్దు. మీ ఇంట్లో ఏదుంటే అదే ఇప్పించండి."

భూషణం మీసం మీది చెయ్యి దించేశాడు. భార్య పకపకా నవ్వి, చిన్న మిషన్‌ను ముందుకు జరిపింది.

"మా ఇంట్లో ఉన్నది ఇదే వదినా! కూర్చో, గీయడం నేను నేర్పుతాను" అంది.

ఆ ఏటి పెళ్లిళ్లలో గోగులపాడు ఆడపడుచుల జాకెట్ల మీద నాంచారమ్మ సొంతంగా గీసిన పూలే పూశాయి.