అలలచెక్క గిన్నె

నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి పొండి! మధ్యలో "అదెలా?" అన్నవాడికి ముగింపు చెప్పను గాక చెప్పను.

అనగనగా ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. తాడు లాగితే చెక్క గిరగిర తిరుగుతుందే, ఆ తరిమెనకు పెద్దవాళ్లిద్దరినీ గుంజలుగా మార్చేశాడు జటాదంష్ట్రుడనే మాంత్రికుడు. ఆ మాట విని చిన్నవాడు మణికేతుడు పళ్లు కొరికాడు. ఆ చప్పుడుకు కోటగోడ మూడుచోట్ల బీటలిచ్చింది! ఆ కోపంతోనే ఏడు సముద్రాలూ ఈదాడు. ఒంటి వేడికి ఏడోది సగం ఇంకిపోయింది!

తన దీవి ఎక్కిన మణికేతుణ్ణి చూసి మాంత్రికుడు పకపకా నవ్వాడు. "నా పెరట్లో అలలచెట్టుంది. దాని చెక్క నిండా నీటి అలల్లాంటి చారలు. నచ్చిన మొద్దు తీసుకో. పగలకుండా గిన్నె తీస్తే నీ అన్నల్ని పట్టుకుపో. మూడుసార్లు పగిలిందా, నువ్వే నా మూడో గుంజవి!"

తాడు లాగడానికి చెరలో ఉన్న రాకుమారి నీలోత్పలను కూర్చోబెట్టాడు. మణికేతుడు ఉలితో మొద్దును కసిగా పొడిచాడు. ఫెళ్లుమంది. ఇంకో మొద్దు. మళ్లీ ఫెళ్లు!

నీలోత్పల తాడు విసిరికొట్టింది. "కోపం మీకొక్కరికేనా? పన్నెండేళ్లుగా లాగుతున్నా. మీ అన్నల్లాగే మీరూ చెక్క మీదే కక్ష తీర్చుకుంటున్నారు!"

కొమ్మ మీది వడ్రంగిపిట్ట నోరు విప్పింది. "అలలచెక్కను నెట్టకు నాయనా. చార ఎటు తిరిగితే ఉలి అటు తిరగాలి. నీ కోపమంతా సానరాయి మీద చూపించు. ఆ కణుపున్న మొద్దు తీసుకో. ఏ ఉలికీ లొంగదని మాంత్రికుడు తన ప్రాణం అందులోనే దాచుకున్నాడు."

మణికేతుడు మూడు పగళ్లు ఉలి నూరాడు. "ఇది పెద్దన్నకు! ఇది చిన్నన్నకు!" మూడు సానరాళ్లు అరిగి పిండయ్యాయి. ఉలి నీడ తగిలి ఈగ రెండు ముక్కలైంది!

ఇక ఆ కణుపు మొద్దు మీద ఉలి వెన్నలో దిగినట్టు నడిచింది. గిన్నె తామరరేకంత పలచబడింది. అడుగున కణుపులో ఎర్రటి పూసొకటి దడదడ కొట్టుకుంటూ కనబడింది.

మాంత్రికుడు పరుగెత్తుకొచ్చాడు. "ఆపు బాబూ! గెలిచావు! నీ అన్నల్ని ఇచ్చేస్తా!"

"ఇంకొక్క పొర," అన్నాడు మణికేతుడు. "లాగు, రాకుమారీ."

"పన్నెండేళ్లలో ఇష్టంగా లాగడం ఇదే!" అని లాగింది నీలోత్పల.

పూస పొడైంది. మాంత్రికుడు పొగైపోయాడు. గుంజలు రెండూ "అబ్బా, మా నడుములు!" అంటూ మనుషులయ్యాయి.

ఆ గిన్నెలోనే తలంబ్రాలు పోసి మణికేతుడికీ నీలోత్పలకూ పెళ్లి చేశారు. అడుగున పూసంత కన్నం మిగిలిందిగా, తలంబ్రాలు మూడు రోజులు జారుతూనే ఉన్నాయి! నూరేళ్లు ఏలాడు మణికేతుడు. కోపమొస్తే ముందు సానరాయి తెమ్మనేవాడు.

అబద్ధమా? జారిన తలంబ్రాలు ఏరి, పన్నెండు బళ్లకెత్తించిన మనిషిని అడగండి. పేరు బొడ్డు పైడితల్లి. అంటే నేనే!