ఏటివైపు తలుపు

ఫ్రాన్సు దేశపు దక్షిణాన, సున్నపురాతి కొండల నడుమ సాంత్-ఎర్మెలీన్ అనే చిన్న గ్రామం ఉన్నది. ఓర్నెల్ అనే ఏరు దీనిని రెండు వాడలుగా విడదీస్తుంది. ఎగువ ఒడ్డున గొర్రెల మేతభూములు, దిగువ ఒడ్డున ద్రాక్షతోటలు ఉన్నాయి. జనాభా రెండు వందలకు మించదు. ఎగువ గట్టుపై పలకరాతి కప్పుతో కనిపించే చిన్న ప్రార్థనాలయమే యాత్రికులు దర్శించే చోటు.

పూర్వం ఇక్కడ ఎర్మెలీన్ అనే కాపరి స్త్రీ, భర్త ఔబెర్‌తో కాపురముండేది. ఆ రోజుల్లో రెండు వాడల మధ్య మేత తగవులుండేవి. ఎగువవారి గొర్రెలు తోటల్లో పడుతున్నాయన్న కోపంతో దిగువవాడ పెద్ద గోస్బెర్ ఒకనాడు ఏటిమీది దుంగల వంతెనను లాగివేయించాడు. తప్పిపోయిన గొర్రెకోసం అప్పటికే అవతలికి వెళ్లి ఉన్న ఔబెర్, తిరిగి ఈదుకొని రాబోయి కొట్టుకుపోయాడు. తరువాత వంతెన మళ్లీ వేశారు గాని, ఎర్మెలీన్ మాత్రం తన ఇంటి ఏటివైపు తలుపుకు మేకులు కొట్టించింది. దిగువవాడ మనుషులెవరితోనూ మాట్లాడటం మానేసింది.

చాలా ఏళ్లకు ఔబెర్ ఆమె కలలోకి వచ్చాడు. "ఆ తలుపు తియ్యి. నాకు లోపలికి దారి లేదు" అన్నాడు.

తెల్లవారగానే ఆమె ఏడుస్తూ మేకులన్నీ ఊడబెరికింది. ఆ మధ్యాహ్నమే కొండలమీద కుంభవృష్టి కురిసి ఏరు దిగువవాడను ముంచెత్తింది. వంతెన తెగకముందే జనం పిల్లాపాపలతో ఎగువకు పరుగెత్తారు. వారికి మొదట కనిపించినది తెరిచి ఉన్న ఆ తలుపే. అందరూ లోపలికి వెళ్లారు. చివరగా మనుమరాలిని ఎత్తుకొని వచ్చిన గోస్బెర్ మాత్రం వానలోనే నిలబడిపోయాడు.

"నీ గడప తొక్కే ముఖం నాకు లేదమ్మా. ఈ పసిదాన్ని తీసుకో, చాలు."

ఎర్మెలీన్ పాపను అందుకొని పొయ్యి పక్కన పడుకోబెట్టింది. కొంతసేపు అక్కడే కూర్చున్నది. తరువాత లేచి వాకిటికి వచ్చింది.

"నిన్ను వానలో నిలబెడితే మా ఆయన తిరిగి రాడు. లోపలికి రా."

గోస్బెర్ బతికినన్నాళ్లు ఆమె మందను తానే కాశాడని చెబుతారు. ఆమె కన్నుమూశాక రెండు వాడలవారూ ఆ ఇంటిని ప్రార్థనాలయం చేసి, ఒకే ఊరై, పుణ్యవతి అనే అర్థమిచ్చే 'సాంత్' అన్న మాటను ఆమె పేరుకు చేర్చి ఊరికి పెట్టుకున్నారు.

నేటికీ ఆలయపు ఏటివైపు ద్వారానికి రెక్కలు బిగించరు. చలికాలంలో మంచు లోపలికి కొడుతుంది, ఊడ్చుకుంటారు. జూన్ మాసపు ఉత్సవంనాడు ఒకరిపై ఒకరికి మనసు విరిగినవారు ఇక్కడికి వస్తారు. అన్యాయం జరిగినవారు ముందు లోపలికి వెళ్లి, ఇష్టమైతే గడప దగ్గరికి వచ్చి బయట నిలిచిన రెండోవారిని పిలుస్తారు. అలా కలిసినవారి ఇళ్లలో శాంతి నిలుస్తుందని నమ్మకం.

ఆలయాన్ని చూసుకునే వృద్ధురాలు మదాం లకోస్త్ ఇలా అంటారు: "అందరూ పిలవలేరు. కొందరు ఏటేటా వచ్చి, ఊరికే కూర్చుని వెళ్లిపోతారు. వాళ్లకూ వేడి రొట్టె పెట్టే పంపిస్తాం."