చెమటమ్మగుట్ట మహిమ

పూర్వం ఈ గుట్టకు శిలాంబగిరి అని పేరు. శిఖరాన వెలసిన శిలాంబాదేవి దర్శనార్థం ఏటా వైశాఖమాసంలో అసంఖ్యాకులైన భక్తులు తరలివచ్చేవారు. అయితే గుట్ట దిగువన ఓబులమ్మ అనే కుమ్మరి అవ్వ తన చేతి కుండలతో చలివేంద్రం నడుపుతుండగా, ఎండనపడి వచ్చినవారు ముందు ఆ నీళ్ళు తాగి, “నీ కడుపు చల్లగుండ, తల్లీ!” అని రెండు చేతులెత్తి మొక్కి, ఆ తరువాతే మెట్లెక్కేవారు. తనకు రావలసిన దండం దారిలోనే ఖర్చయిపోతున్నదని పైనున్న దేవికి ఒళ్ళు మండిపోయేది.

చివరకు ఓర్వలేక కిందికి బయలుదేరిన దేవిని అన్నగారైన గిరినాథుడు హెచ్చరించాడు: “వెళ్తే వెళ్ళు చెల్లీ, మనుషుల్లో మనిషిలా మసలుకో. నీ మహిమతో ఒకరికి కీడు చేశావా, అది నిన్ను విడిచిపోతుంది.”

దేవి శీలమ్మ అనే పేరుతో ఓబులమ్మకు ఎదురుగానే పందిరి వేసి, కనుచూపుతోనే అద్దంలా మెరిసే కుండలను సృష్టించింది. జనం ముచ్చటపడి చుట్టూ మూగారు గానీ, ఒక్క గుక్క తాగి మొహం చిట్లించారు.

“ఏమమ్మా, ఇవి తాగే నీళ్ళా, పోసుకునే నీళ్ళా?” అని నవ్వుతూ అవతలి పందిట్లోకి వెళ్ళిపోయారు.

ఆ నవ్వు దేవికి ముల్లై గుచ్చుకుంది. ఆమె ఉరిమి చూసిన చూపుకు ఓబులమ్మ కుండలన్నీ ఒక్కసారిగా పగిలి, నీళ్ళన్నీ ఇసుకలో ఇంకిపోయాయి. సరిగ్గా అప్పుడే ఒక బాలింత, ఎండదెబ్బకు సోలిపోయిన పసిబిడ్డతో వచ్చి పందిట్లో కూలబడింది.

ఓబులమ్మ పెంకులు వదిలేసి ఎదుటి పందిట్లోకి పరుగెత్తింది. “శీలమ్మా, నీళ్ళియ్యవే, బిడ్డ వాడిపోతోంది!”

దేవి కుండలోంచి ముంచి ఇచ్చిన ఆ వేడినీళ్ళను బిడ్డ ఉమ్మేసింది. దేవి కుండవైపు తీక్షణంగా చూసింది. మళ్ళీ చూసింది. నీరు చల్లబడలేదు, మహిమ ఆమెను విడిచిపోయింది.

ఓబులమ్మ కుండను తడిమి నొచ్చుకుంది. “ఇంత నున్నగా చేస్తే ఎట్లాగే పిల్లా? కుండకు చెమట పట్టందే నీళ్ళు చల్లబడవు. నీ కొంగు తడిపి దీనికి చుట్టు. ఇదిగో నా విసనకర్ర, విసురు!”

దేవి విసిరింది. చేతులు పీకాయి, గొంతు ఎండింది, నుదుట మొదటిసారి చెమట పట్టి కళ్ళలోకి కారింది. నీళ్ళు చల్లబడి బిడ్డ గుటకలు వేసేవరకు ఆమె విసనకర్ర దించలేదు. ఆ పిమ్మట తానెవరో, కుండలు పగిలినదెందుకో చెప్పి తలవంచుకుంది.

“దండాల కోసమా ఇదంతా!” అని ఓబులమ్మ నోరు నొక్కుకుంది. “ఒక్క మాట అడిగితే సగం కుండలు నీ పందిట్లోనే పెట్టేదాన్ని కదే, తల్లీ.”

దేవి మళ్ళీ కొండెక్కలేదు. విసిరిన చోటనే శిలయై వెలసింది. శిఖరాన పాతపీఠం నేటికీ ఖాళీగానే ఉన్నది. వైశాఖంలో మిట్టమధ్యాహ్నం అమ్మవారి నుదుట చెమ్మ చిప్పిల్లుతుంది, కుమ్మరులే అర్చకులై దానిని తుడుస్తారు. గుడిముందు తడిగుడ్డ చుట్టిన మెరుపు కుండ ఒకటి, దాని పక్కన ఒకే ఒక విసనకర్ర ఉంటాయి. వచ్చినవారు ముందు నీళ్ళు తాగి, తమ వెనుక వచ్చే ముక్కూమొహం తెలియని మనిషి కోసం కాసేపు విసిరి, చెమట పట్టాకనే అమ్మకు మొక్కుతారు.