అట్ట మీద నక్క

నాంచారయ్య గీసిన నక్కకు ఒంటినిండా వెంట్రుకలున్నాయి, ప్రాణం మాత్రం లేదు. ఆ సంగతి వాడికీ తెలుసు. అదే వాడి బాధ.

పక్క బల్ల దగ్గర నేను నెమలిని గీస్తున్నాను. మామూలు నెమలా అది! కిటికీలోంచి దాన్ని చూసిన మబ్బులు ఆ ఏడు తెనాలి దాటి పోలేక అక్కడే కురిశాయి.

మా గురువుగారు దస్తగిరి మాస్టారు పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసేవారు. ఆయన పిల్లి బొమ్మ అచ్చుకి వెళితే అచ్చాఫీసులో ఎలుకలు సామాను సర్దుకునేవి. ఈసారి పుస్తకం, నెమలిని చూసి ఏడ్చే నక్క కథ. రంగుల్లేవు, సిరా లేదు. పెన్సిల్ గీత ఎలా ఉంటే అలాగే అచ్చు. నెమలి నాకు, నక్క నాంచారయ్యకు. ఏది బాగుంటే అది అట్టమీదికి.

"అట్ట నాదేలేరా. నీ నక్కకి కాస్త తల దువ్వు," అన్నాను.

వాడు పెన్సిల్ విసిరేసి లేచాడు. "వీడికి నెమలి, నాకు నక్కా? మంచివన్నీ వీడికే ఎందుకిస్తారు మాస్టారూ?"

మాస్టారు లేచి వచ్చారు. వాడి కుర్చీ నాకెదురుగా వేసి, తెల్లకాగితం పెట్టారు.

"కాగితం చూడకు. వాడి మొహమే చూస్తూ నక్కను గీయి."

నేను మీసం మెలేసి కూర్చున్నాను. నాంచారయ్య నన్ను చూశాడు. ఆ చూపుకి పచ్చిమిరపకాయలు చెట్టునే ఎండిపోవాలి! చెయ్యి దానంతటది కదిలింది. వీపు దగ్గర గీత సన్నగా వణికింది. మెడ దగ్గర నల్లబడింది. కంటి దగ్గరికొచ్చేసరికి మొన పటుక్కున విరిగింది.

అప్పుడు కిందికి చూసి కంగారుపడ్డాడు. వెంట్రుక ఒక్కటీ లేదు. తోక ఒకచోట, కాలు ఒకచోట. కానీ పొట్ట నేలకానించి, మెడ సాచి, ఆ నక్క ఎవరినో చూస్తోంది. ఎవరినో ఏమిటి, నన్నే!

వాడు రబ్బరు కోసం తడుముకున్నాడు. రబ్బరు మాస్టారి జేబులో ఉంది. ఆయన ఆ కాగితం తీసి, అట్టకు సరిపెట్టి చూసుకున్నారు.

నాంచారయ్య నన్ను చూడటమే మర్చిపోయాడు. తన నక్కనే చూస్తున్నాడు.

నాకు అసూయా? ఛ! ఇంద్రుడు దిగొచ్చి దండం పెట్టాల్సిన నెమలి నాది. చెవులు కాస్త వేడెక్కాయంటే అది ఎండ.

"మాస్టారూ, ఆ నక్కను నేను గీస్తాను. దాని తాతలాంటి నక్కను గీస్తాను!"

మాస్టారు నన్ను ఎగాదిగా చూశారు. మొన విరిగిన ఆ పెన్సిల్‌నే చెక్కి నా చేతిలో పెట్టారు.

"గీయి భావన్నారాయణా. ఇప్పుడొస్తుంది నీకు."