గోడకేసి తిరిగి తినేవాళ్ళు

బంగారమ్మ గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆవిడ జవాబు చెప్పేది కాదు, పని చెప్పేది. "భుజం ఎందుకు లాగుతోంది పంతులమ్మా" అంటే "ఆ మూల కడ్డీకి తుప్పు పట్టింది, తుడువు" అనేది. తుడుస్తుండగా భుజం సంగతి తెలిస్తే తెలిసినట్టు, తెలియకపోతే కడ్డీ అయినా శుభ్రపడేది. హైస్కూల్లో డ్రిల్లు పంతులమ్మగా పనిచేసి రిటైరయ్యాక, వంశధార ఒడ్డున పాత రైసు మిల్లు వెనక రేకుల షెడ్డులో ఆడపిల్లలకు బరువులెత్తడం నేర్పుతోంది. షుగరు మనిషి. పక్కన స్టీలు ఫ్లాస్కులో పలచటి చోడి అంబలి ఎప్పుడూ ఉండేది. ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, మూత బిగించేది. అది మందు తాగడమే గాని తిండి తినడం కాదని చూసినవాళ్ళకెవరికైనా తెలిసిపోతుంది.

ఆ షెడ్డులో అందరికన్నా గట్టి పిల్ల నూకరత్నం. ఒక సాయంత్రం సాధన అయ్యాక పంతులమ్మ ఎదురుగా నేలమీద చతికిలబడి అడిగింది.

"పంతులమ్మా, పోటీకి దిగే మనిషి ఎవరి మాట విని తినాలి? నాలుక మాటా, ఊరి మాటా, గెలిచినోళ్ళ మాటా?"

ఆ ప్రశ్న ఊరికే పుట్టలేదు. కిందటేడు రాష్ట్ర పోటీలకు వెళ్ళేదాకా రత్నం తిన్నదా లేదా అని అడిగిన నాథుడు లేడు. ఇంట్లో మగవాళ్ళు లేచాక గిన్నెలో మిగిలింది ఆమె భోజనం. రెండో స్థానంలో నిలబడి, మెడలో వెండి పతకంతో బస్సు దిగిందో లేదో, వీధి వీధంతా వచ్చి ఆమె కంచంలో కూర్చుంది. నాటుకోడి తినకపోతే ఎముకకు బలం రాదన్నాడు పెదనాన్న, కోడిని మాత్రం తేలేదు. మందుల షాపు కుర్రాడు నున్నటి పొడి డబ్బా చూపించి, పెద్ద పెద్ద వాళ్ళంతా ఇదే తాగుతారన్నాడు. పిన్ని కూతురు ఫోనులో చూసి, గుడ్డులో తెల్లది తిని పచ్చది పారెయ్యమంది. ఆ పచ్చసొనలు పెంట మీద పడుతుంటే నాయనమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అమ్మ కూతురు గెలవాలని దేవుడికి మొక్కింది. ఆ మొక్కు తన కడుపుతో తీర్చుకోవచ్చు గదా, కూతుర్ని శనివారాలు ఒక్కపొద్దు ఉండమంది. ఆడపిల్ల కంచంలో అన్నం పెట్టే చేతులు తక్కువ గాని వేలు పెట్టే చేతులకు మన ఊళ్ళలో ఏనాడూ కరువు లేదు.

రత్నం వీళ్ళందరి మాటా కొన్నాళ్ళు విని, కొన్నాళ్ళకు వదిలేసింది. గట్టిగా పట్టుకున్నది మాత్రం ఒక్కటే. అది ఎవరూ చెప్పింది కాదు, తన కళ్ళతో తాను చూసింది.

బరువులెత్తే పోటీలో ముందు మనిషి బరువు చూస్తారు. ఏ తరగతిలో పేరిచ్చిందో ఆ లెక్క మించితే పిల్ల ఇంటికి పోవలసిందే. అందుకని ముందురోజు సాయంత్రం నుంచే పిల్లలు తిండి మానేస్తారు, మంచినీళ్ళకు కూడా భయపడతారు. బరువు చూడడానికీ వేదిక ఎక్కడానికీ మధ్య రెండు గంటల వ్యవధి ఉంటుంది. తినేది అప్పుడే. ఆ వేళ తినే తిండిలోనే గెలుపు ఉందని వాళ్ళ నమ్మకం. అందుకే ఒక్కొక్కతీ డబ్బా ఒళ్ళో పెట్టుకుని, మీద తువ్వాలు కప్పుకుని, గోడకేసి తిరిగి తింటుంది. తన డబ్బా ఎవరికీ కనపడకూడదు, ఎదుటివాళ్ళ డబ్బా మాత్రం తన కంట పడాలి. మెడలన్నీ కొంగల మెడల్లా వెనక్కి సాగుతుంటాయి.

కిందటేడు రత్నం మెడ సాగింది గుంటూరు నుంచి వచ్చిన మెహరున్నీసా వైపు. ఆ పిల్ల ఉడికించిన చిలగడదుంపను ఉప్పూ కారం లేకుండా మెత్తగా మెదిపి, చెంచాతో కొంచెం కొంచెం నోట్లో వేసుకుంటోంది. కళ్ళు మూసుకుని, ఒక చెయ్యి చెంప మీద ఆనించుకుని. అబ్బ, ఎంత ఏకాగ్రత అనుకుంది రత్నం. ఆ పిల్లే మొదటి స్థానంలో నిలిచింది. ఇంటికొచ్చిన మర్నాటి నుంచి రత్నం చిలగడదుంప మొదలుపెట్టింది. చిన్నప్పటి నుంచీ ఆమెకు ఆ తీపి గొంతు దిగదు. తింటే పొట్ట రాయిలా అయ్యేది. గెలిచేవాళ్ళ తిండి అలాగే ఉంటుంది కాబోలని ఓర్చుకుంది.

ఏడాది ఓర్చుకుంటే చేతికొచ్చింది ఏమిటయ్యా అంటే, వేసవంతా ఆడుతూ పాడుతూ ఎత్తిన బరువు నిన్న చేతుల్లోంచి జారింది, ఇవాళ మళ్ళీ జారింది. వారంలో మళ్ళీ ఏలూరులోనే రాష్ట్ర పోటీలు. ఈ ఏడు కొత్తగా ఒక శిక్షణ శిబిరం పెడుతున్నారు, మొదటి ఇద్దరికీ అందులో చోటు. జూనియర్లలో రత్నానికి ఇదే ఆఖరి అవకాశం. ఈసారి తప్పితే ఇక ఈ రేకుల షెడ్డే, ఈ తుప్పు కడ్డీలే.

పంతులమ్మ అంతా విని ఫ్లాస్కు మూత బిగించింది. "ఏలూరులో చెప్తాను. ముందు లేచి ఆ ఇనప చక్రాలు సర్దు" అంది.

ఏలూరులో బరువు చూసేటప్పటికి రత్నం కళ్ళముందు మిణుగురులు ఎగురుతున్నాయి. లెక్క సరిపోయింది. వెనక హాల్లోకి వస్తే ఎప్పటిలాగే పిల్లలందరూ గోడలకేసి తిరిగి కూర్చున్నారు, అల్లరి చేసి శిక్ష పడ్డ బడిపిల్లల్లా. రత్నం ఒక ఖాళీ మూల చూసుకుని డబ్బా తీసుకుని అటు నడిచింది.

"అటు కాదు" అంది పంతులమ్మ. "ఆ గుంటూరు గుంట ఉంది గదా, దాని పక్కన కూచో. గోడకి వీపు పెట్టి, మొహం ఇటు పెట్టి తిను."

"అమ్మో, చూసెస్తాది పంతులమ్మా."

"చూడనీ. నీ డబ్బాలో బాంబేటైనా ఉందేటే?"

నడిబజారులో బట్టలు మార్చుకోమన్నట్టయింది రత్నానికి. పంతులమ్మ మాట దాటే అలవాటు లేదు కాబట్టి వెళ్ళి మెహరున్నీసా పక్కన కూలబడింది. ఆ పిల్ల ఉలిక్కిపడి తువ్వాలు ముందుకు లాక్కుంది. రత్నం తల వంచుకుని డబ్బా మూత తీసింది. ఉడికిన దుంప వాసన తగలకుండా ఊపిరి బిగబట్టింది. చెంచా ముంచి, నోటిదాకా తెచ్చి, ఆగింది. మెహరున్నీసా చూపు ఆ చెంచా మీదే ఉంది.

"అదేంది? చిలగడదుంపా?"

"ఊ."

"ఉప్పు లేకుండానా? ఎట్టా తింటున్నావ్ తల్లీ?"

"నువ్వు తినేదే గదా" అంది రత్నం, దొంగతనం బయటపడ్డట్టు. "కిందటేడు ఇక్కడ కూచునే తిన్నావు. నేను చూశాను."

మెహరున్నీసా నోరు తెరిచింది. తర్వాత ఆ తెరిచిన నోట్లోకే వేలు పెట్టి దవడ చివర చూపించింది. "ఇక్కడ పన్ను పుచ్చింది అప్పుడు. దవడ ఇంత లావు వాచింది. నమిలే పని లేనిదేదన్నా పెట్టమంటే మా అమ్మ అది మెదిపి పెట్టింది. ఉప్పు తగిలితే ప్రాణం పోయేది."

"కళ్ళు మూసుకున్నావు. ధ్యానం చేస్తున్నావనుకున్నాను."

"ధ్యానమా నా బొందా. పోటు తట్టుకోలేక ఏడుస్తున్నా. వారం తర్వాత పీకించుకున్నా. ఆ దుంప మొహం మళ్ళీ చూడలా."

రత్నానికి ఏడాది తిన్న దుంపలన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చినట్టయింది. ఆ పిల్ల ఒళ్ళో తువ్వాలు వైపు చూసింది. తువ్వాలు జారి సీసా కనపడుతోంది. సీసాలో గోధుమరంగు ద్రవం. ఆ వాసన రత్నం నిద్రలో కూడా గుర్తుపడుతుంది. షెడ్డులో రోజూ పీల్చే వాసనే.

"అది చోడి అంబలి గదా?"

"మావైపు రాగులంటాం" అంది మెహరున్నీసా. ఈసారి తల వంచుకోవడం ఆ పిల్ల వంతు. "మొత్తం మీద నేను గెలిచా గాని, భుజాల మీంచి పైకెత్తే జర్క్‌లో నువ్వు నాకన్నా ఎక్కువ ఎత్తావ్. మా చాచాకి నిద్ర పట్టలా. నువ్వు బరువు చూశాక ఫ్లాస్కులోంచి ఏదో తాగావని చూశాడంట. ఎవర్నో అడిగి కనుక్కున్నాడు. ఇహ చూస్కో, పొద్దున అదే, సాయంత్రం అదే. ఒక్క రోజు కూడా ఇష్టంగా తాగలా. నువ్వెట్టా తాగుతావే దీన్ని?"

"నేను తాగను" అంది రత్నం.

"మరి?"

"మా అమ్మ కట్టిన పులిహోర బస్సులో పాసిపోయింది. ఆకలికి కళ్ళు తిరుగుతుంటే మా పంతులమ్మ తన ఫ్లాస్కు ఇచ్చింది. అది ఆవిడ కోసం కాచుకున్నది." గొంతు తగ్గించి పూర్తి చేసింది. "ఆవిడకి షుగరు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో చెప్పలేం. నిన్నటి నుంచి ఎండిన కడుపులతో, పక్కలు పట్టుకుని, గోడకు జారబడి నవ్వారు. గోడకేసి తిరిగిన వీపులన్నీ ఒక్కొక్కటే ఇటు తిరిగాయి. అవతల తలుపు దగ్గర నిలబడ్డ మెహరున్నీసా చాచా గుండె చేత్తో పట్టుకుని పరుగున వచ్చాడు.

"ఏందమ్మాయ్, ఏం పెట్టింది నీకు? ఏం కలిపింది?"

"ఏం కలపలా చాచా. నువ్వే సంవత్సరం పాటు షుగరు పేషెంటు అంబలి పట్టించావ్ నాకు."

ఆ పెద్దమనిషి సీసా వంకా, పిల్ల వంకా, వెనకనుంచి మెల్లగా నడిచి వస్తున్న బంగారమ్మ గారి వంకా చూశాడు. ఆవిడ చంకలో ఫ్లాస్కు చూశాక ఆయనకు సంగతి ఎక్కింది. సీసా మూత తీసి వాసన చూసి, తన సంచిలో పెట్టేసుకున్నాడు.

"మీకు ముందే తెలుసా పంతులమ్మా?" అంది రత్నం, కళ్ళు తుడుచుకుంటూ.

"ఆ గుంట దవడ వాచిపోయుండడం కిందటేడే చూశాను."

"మరి నేను దుంపలు తింటుంటే చెప్పలేదేటి?"

"ఇష్టమై తింటన్నావనుకున్నాను" అంది పంతులమ్మ, మొహంలో ఒక్క గీత కదలకుండా. "ఇష్టం లేంది ఏడాది పొడుగునా ఎవరైనా తింటారేటి?" తర్వాత ఇద్దర్నీ కలిపి చూసింది. "నువ్వు దీని పన్ను నొప్పి తిన్నావు. ఇది నా షుగరు తాగింది. ఇంకా ఎవరి జబ్బైనా మిగిలిపోయిందా? లేకపోతే ఇప్పుడు చెప్పండి. ఆకలేస్తోందా?"

ఏం తిన్నావని ఏడాదిగా ఊరంతా రత్నాన్ని అడిగింది. ఎంత తిన్నావని అడిగింది. ఈ మాట మాత్రం ఒక్కరూ అడగలేదు, తనను తాను కూడా అడుక్కోలేదు. చాలా రోజులుగా వాడని గదిలోకి తొంగి చూసినట్టు లోపలికి చూసుకుంది. ఉంది. ఆకలి ఉంది, అలిగిన చంటిపిల్లలా ఒక మూల కూర్చుని ఉంది.

"వేస్తోంది" అంది.

"నాక్కూడా" అంది మెహరున్నీసా.

"ఎదురుగా హోటలుంది. వెళ్ళి మీకేం కావాలో అది తెచ్చుకోండి. నేను మాత్రం రాను."

రత్నం పెరుగన్నం తెచ్చుకుంది, నిమ్మకాయ ముక్కతో, ఒక అరటిపండుతో. మెహరున్నీసా ఉప్మా తెచ్చుకుంది. ఉప్మా ఇష్టమని నలుగురిలో ఒప్పుకునే మనిషిని రత్నం అప్పుడే మొదటిసారి చూసింది, ఆ మాట మొహానే అనేసింది. "ఇష్టమే, ఏం చేస్తావ్" అంది ఆ పిల్ల. గోడకు వీపులు ఆనించి, హాలుకు ఎదురుగా, కాళ్ళు చాపుకుని తిన్నారు. పొట్టలో పెరుగు చల్లగా దిగుతుంటే రత్నానికి ఒళ్ళు తనదనిపించింది. సగం దాటాక చాలనిపించి పొట్లం మడిచింది. చాలని ఎవరూ చెప్పలేదు. మిగిలింది ఎత్తాక తినొచ్చని పంతులమ్మ సంచిలో పెట్టింది.

ఇంటి దగ్గర చేతుల్లోంచి జారిన బరువు ఆ మధ్యాహ్నం రత్నం తలమీద కదలకుండా నిలబడింది. ఎత్తు సరిగ్గా ఉందని న్యాయనిర్ణేతల మూడు తెల్ల దీపాలూ వెలిగాయి. పెరుగన్నం మహిమ అనుకునేవాళ్ళు అనుకోవచ్చు, మందుల షాపు కుర్రాడూ బతకాలి గదా. అన్నీ అయ్యాక చూస్తే మెహరున్నీసా మొదటిది, రత్నం రెండోది. కిందటేడు ఏ మెట్టు మీద ఎవరు నిలబడ్డారో ఈ ఏడూ ఆ మెట్టు మీద వాళ్ళే. ఏడాది పొడుగునా ఒకతి తిన్న దుంపలూ, ఒకతి తాగిన అంబలీ ఎవరినీ జానెడు పైకి లేపలేదు. శిబిరంలో మాత్రం ఇద్దరికీ చోటు దొరికింది. మెట్టు మీద ఉండగానే మెహరున్నీసా వంగి రత్నం చెవిలో, "అక్కడ మెస్సులో దుంపలుంటే నువ్వే తిను" అంది.

సాయంత్రం రత్నం హాలు బయట మెట్ల మీద కూర్చుని మిగిలిన పెరుగన్నం తింటోంది. పంతులమ్మ పక్కన కూర్చుని ఫ్లాస్కు మూత విప్పుతోంది. వేరే జిల్లా నుంచి వచ్చిన కోచ్ ఒకాయన, మెడలో ఈల వేలాడేసుకుని, ఫోను చేతిలో సిద్ధంగా పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, మీ అమ్మాయి బరువు చూశాక పెరుగన్నం తిందట గదా. గేదె పెరుగా, ఆవు పెరుగా? నిమ్మకాయ ముందా, అరటిపండు ముందా? మా పిల్లకి రేపట్నించే మొదలుపెట్టిద్దామని."

రత్నం నోట్లో ముద్ద ఆగిపోయింది. నవ్వు వస్తే పొలమారుతుందని తల పక్కకు తిప్పుకుంది. పంతులమ్మ తీరిగ్గా ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, ఆయన వంక చూసింది.

"మీ పిల్లకి పన్ను నొప్పేటైనా ఉందా బాబూ?"

"లేదమ్మా. ఏం, ఎందుకు?"

"ఏం లేదు. అయితే మాట్లాడగలదు గదా, ఏం తింటాదో దాన్నే అడగండి" అంది బంగారమ్మ గారు, ఫ్లాస్కు మూత బిగిస్తూ.