కుండీ వెనక చెప్పులు

అనగనగా ఒక చల్లటి గది. రాజుగారి అంతఃపురం కాదు, మునుల ఆశ్రమమూ కాదు. ఒక చిన్న పట్నంలో, ఒక కాలేజీ మేడ మీద, తూర్పు చివర ఉన్న గది. ఆ గదిలో పది కంప్యూటర్లు కొలువుదీరి ఉండేవి.

మరీ అంత పాతకాలం కాదు లెండి. అప్పటికే సెల్‌ఫోన్లు వచ్చాయి గానీ వాటికి ఇంకా మీటలుండేవి. ఫోటో తియ్యాలంటే వేరే కెమెరా కావాలి. కంప్యూటరంటే జనానికి ఎంత భక్తి అంటే, దానికి దుమ్ము తగలకూడదని గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్లేవారు. ప్రిన్సిపాలుగారు కూడా మేజోళ్లతోనే వచ్చేవారు. ఇప్పుడు మీరు దాన్ని పక్కమీద పెట్టుకుని, దాని నెత్తిన జంతికలు నములుతున్నారు. చూసినప్పుడల్లా నా ప్రాణం చివుక్కుమంటుంది. సరే, అలగడం తరవాత. కథ వినండి.

ఆ గదికి సన్యాసిరావు మాస్టారు అధిపతి. ఆయన డిజిటల్ రచన అనే కొత్త పాఠం చెప్పేవారు.

"కాగితం మీద రాస్తే చదివేవాడు పైనుంచి కిందికి పోతాడు. తెర మీద రాస్తే ఎక్కడ నొక్కాలనిపిస్తే అక్కడ నొక్కుతాడు. ఎక్కడ నొక్కినా వాడికి ఏదో ఒకటి దొరకాలి. అదీ మీ పని," అనేవారు.

క్లాసులో పదిహేడు మంది. కంప్యూటర్లు పది. అందుకని మాస్టారు ఒక షరతు పెట్టారు. ఒక్కొక్కరూ మూడు ప్రాజెక్టులు చెయ్యాలి. విషయం ఎవరిది వాళ్లే ఎంచుకోవాలి. మూడూ అయ్యాక పేర్ల పట్టీ రాస్తారు. మొదటి పదిమందీ గదిలో ఉంటారు, మిగతా ఏడుగురూ మేడ దిగి మామూలు క్లాసుకు పోతారు.

ఆ పదిహేడు మందిలో నూకరత్నం ఒకతె. ఆమెకి ఆ గదంటే ప్రాణం. వాళ్లింట్లో కంప్యూటరు లేదు సరే, కూర్చోడానికి కుర్చీ కూడా లేదు. గుండ్రంగా తిరిగే కుర్చీలో కూర్చుని, మీట నొక్కితే తన అక్షరం తెర మీద మెరవడం చూసినప్పుడు ఆమె కళ్లు కూడా మెరిసేవి.

అయితే నూకరత్నానికి ఒక రహస్యం ఉంది. ఆమె హవాయి చెప్పుల్లో ఎడమదానికి రబ్బరు పట్టీ ఊడిపోయింది. వాళ్లమ్మ తన గాజుకి తగిలించుకున్న పిన్నీసు తీసి అడుగున గుచ్చి, దాన్ని నిలబెట్టింది. అడుగేస్తే నాపరాయి మీద టిక్కు, టిక్కుమని చప్పుడు. అందుకని ఆమె మెట్ల దగ్గరే చెప్పులు విప్పి, చేత్తో పట్టుకుని మేడెక్కి, అందరి చెప్పుల వరసలో కాకుండా క్రోటన్ మొక్క కుండీ వెనక దాచేది. సాయంత్రం అందరూ వెళ్లాక తీసుకునేది.

మొదటి ప్రాజెక్టు వచ్చింది. నూకరత్నం 'అంతరిక్షం' అని విషయం ఎంచుకుంది. కాలేజీలో ఉన్న విజ్ఞాన సర్వస్వం సీడీలోంచి నక్షత్రాల్ని తెచ్చి తెర నిండా అతికించింది.

మాస్టారు చూసి, "నక్షత్రాలు భేషుగ్గా ఉన్నాయమ్మా. ఇవే నక్షత్రాలు హైమవతి దగ్గర ఉన్నాయి. డాక్టరుగారి అబ్బాయి దగ్గరా ఉన్నాయి. ఆకాశం మాత్రం ఒక్కటే సీడీలోంచి వచ్చినట్టుంది," అన్నారు. అందరూ నవ్వారు. నూకరత్నం కూడా నవ్వేసింది.

రెండో ప్రాజెక్టు వచ్చింది. ఈసారి ఎవరూ తీసుకోనిది కావాలని 'పారిస్ నగరం' ఎంచుకుంది. అక్షరాలు గంతులేశాయి, రంగులు ఆరి ఆరి వెలిగాయి. మాస్టారు చాలాసేపు చూసి ఒకే ఒక్క మాట అడిగారు.

"ఆ ఇనప గోపురం కింద నిలబడితే గాలి ఎటునుంచి కొడుతుందమ్మా?"

"తెలీదండి."

"నాకూ తెలీదు. ఇద్దరికీ తెలీని చోట మనమిద్దరం ఏం చేస్తున్నాం?"

ఆనాటికి మార్కుల లెక్కలో ఆమె పన్నెండో చోట ఉంది. పదికి ఇంకా రెండు మెట్లు. మిగిలింది ఒకే ఒక్క ప్రాజెక్టు.

నూకరత్నం నోటుపుస్తకం చివరి పేజీ తెరిచి, తోచిన విషయాలన్నీ రాసి ఒక్కొక్కటే కొట్టేసింది. తాజ్‌మహల్, కొట్టేసింది. సముద్ర గర్భం, కొట్టేసింది. క్రికెట్టు, డాక్టరుగారి అబ్బాయి తీసుకున్నాడు. 'మా ఊరు' అని రాసింది. ఆ మాటని మాత్రం కాగితం చిరిగేటంత గట్టిగా కొట్టేసింది. ఊరు రాస్తే ఇల్లు రాయాలి. ఇల్లు రాస్తే కుర్చీ లేదని రాయాలి. విషయం దొరకడం కష్టం అని అందరూ అంటారు గానీ, పిల్లలూ, దొరికినదాన్ని వదిలేసుకోవడంలోనే సగం కాలం పోతుంది.

అంతలో కరెంటు పోయింది. కంప్యూటర్లు కుయ్ కుయ్ మని మూలిగి ఆరిపోయాయి. అందరూ టీ తాగడానికి వట్టి కాళ్లతోనే కిందికి పరిగెత్తారు. నూకరత్నం ఒక్కతే వరండాలో గోడకి ఆనుకుని కూర్చుంది. ఎదురుగా చెప్పుల వరస.

అప్పుడు చెప్పులు మాట్లాడుకున్నాయి. చెప్పులు మాట్లాడతాయా అని అడక్కండి. తాబేళ్లూ నక్కలూ మాట్లాడితే నోరెత్తకుండా విన్నారు కదా.

డాక్టరుగారి అబ్బాయి బూట్లు అన్నాయి: "మేం గుమ్మంలో స్కూటరెక్కి, ఇక్కడ దిగుతాం. దారి ఎలా ఉంటుందో మాకు తెలీదు."

హైమవతి ఎత్తు మడమల చెప్పులు అన్నాయి: "అందరూ మమ్మల్ని చూసి కుళ్లుకుంటారు. మా పిల్ల ఎక్కడ బోర్లా పడుతుందోనని మా ప్రాణాలు మా దగ్గర ఉండవు."

మాస్టారి తోలు చెప్పులు నిట్టూర్చాయి: "మా ఎడమ మడమ అరిగింది చూశారా? ఆయన సైకిలుకి బ్రేకుల్లేవు. బ్రేకు మేమే."

కుండీ వెనకనుంచి కూడా ఏదో సన్నగా వినబడింది. నూకరత్నం దాన్ని విననట్టు ఊరుకుంది. కానీ ఆమెకి విషయం దొరికేసింది.

మాస్టారి దగ్గర కెమెరా తీసుకుంది. ఒక్కొక్కరినీ అడిగింది. అడిగితే చాలు, అందరూ తమ చెప్పుల కథలు చెప్పారు. ఒకడి చెప్పులు వాళ్లన్నయ్యవి, ముందర దూది కుక్కుకుని తొడుక్కుంటాడు. ఒకమ్మాయి జత పెళ్లిలో తారుమారై వచ్చింది, అసలువాళ్లెవరో ఇప్పటికీ తెలీదు. నూకరత్నం అన్నీ రాసింది. తెర మీద గుమ్మం బొమ్మ, దాని ముందు చెప్పుల వరస. ఏ జత మీద నొక్కితే ఆ జత కథ తెరుచుకుంటుంది.

ప్రాజెక్టు చూపించే రోజు గది గదంతా ఆ ఒక్క కంప్యూటరు చుట్టూ మూగింది. మాస్టారు ఒక్కొక్క జతా నొక్కుతున్నారు, టిక్కు, టిక్కు. బ్రేకు కథ దగ్గర ఆయనే అందరికంటే గట్టిగా నవ్వారు. చివరికి కళ్లజోడు సర్దుకుని లెక్కపెట్టారు.

"పదిహేడు. మీరు పదిహేడు మంది. సరిపోయిందనుకుంటారు. కానీ ఇందులో నావి కూడా ఉన్నాయి కదా. పద్దెనిమిది ఉండాలి. ఒక జత ఏదమ్మా?"

"దొంగలెత్తుకుపోయారేమో సార్," అంది రైసుమిల్లు వారి హైమవతి. మళ్లీ నవ్వులు.

నూకరత్నం చెవులు కాలిపోయాయి. మాస్టారు ఆమె ముఖం చూశారు.

"రేపు పదింటిదాకా పట్టీ రాయను. వెతికి పట్టుకురా," అన్నారు.

ఆ సాయంత్రం ఇంటికెళ్తూనే నూకరత్నం తల్లిని అడిగింది. "అమ్మా, అత్త కూతురి కొత్త చెప్పులు రేపొక్కరోజుకి అడిగి తెస్తావా?"

తల్లి అప్పలకొండ చేటలో బియ్యం ఏరుతోంది. "ఆళ్ల సెప్పులెందుకే నీకు? నీయి బాగానే ఉన్నాయి కదేటి?" అంది. అంతలోనే ఏదో తట్టి, "పిన్నీసు ఊడిపోనాదేటి?" అంటూ చెయ్యి గాజు మీదికి పోనిచ్చింది. కూతురు అడగనైనా అడగలేదు. పిన్నీసు అప్పుడే చేతిలోకి వచ్చేసింది.

నూకరత్నం ఆ గాజుకేసి చూసింది. ఇదివరకు దానికి నాలుగు పిన్నీసులుండేవి. ఒకటి తన చెప్పుకి వచ్చింది. ఒకటి తమ్ముడి చొక్కాకి, బొత్తాం ఊడినచోట ఉంది. ఇప్పుడు రెండో చెప్పుకి కావాలంటే ఇంకొకటి ఇస్తుంది. అమ్మ పైట మాత్రం ముడి వేసుకుని దోపుకుంది.

"ఊడలేదమ్మా. గట్టిగానే ఉంది," అని నూకరత్నం తల్లి ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. ఎందుకేడుస్తోందో అప్పలకొండకి తెలీలేదు. బియ్యం చెయ్యితోనే తల నిమిరింది.

మర్నాడు నూకరత్నం మెట్ల దగ్గర చెప్పులు విప్పలేదు. టిక్కు, టిక్కుమంటూ మేడెక్కింది. హైమవతి జతకీ డాక్టరుగారి అబ్బాయి బూట్లకీ నడుమ వాటిని విడిచింది. ఒక దాన్ని తిరగేసి ఫోటో తీసి, నాలుగు మాటలు రాసింది.

మాస్టారు ఆ జత మీద నొక్కి, పైకి చదివారు. "ఇవి నావి. రోజూ కుండీ వెనక దాచేదాన్ని. అడుగున ఉన్న పిన్నీసు మా అమ్మ గాజుది. నేను నడిస్తే వినబడే చప్పుడు ఆవిడదే. ఇన్నాళ్లూ అది ఎవరికీ వినబడకూడదనుకున్నాను."

మాస్టారు కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు, తుడుచుకున్నారు, తుడుచుకుంటూనే ఉన్నారు.

పట్టీలో నూకరత్నం ఏడోది. మొదటిదని చెబితే కథ రక్తి కట్టేదే. కానీ ఏడోదే.

నెలాఖరులో పిల్లల ప్రాజెక్టులు చూడ్డానికి పెద్దవాళ్లని పిలిచారు. అప్పలకొండ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలి చల్లదనానికి కొంగు కప్పుకుని వచ్చింది. ఆమెకి చదువు రాదు. కూతురు చదివి వినిపించింది. అప్పలకొండ తెరకేసి వేలు చూపించి, "ఓలమ్మ, నా పిన్నీసు కంపూటర్లో ఎట్టీసేవేటే!" అని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్లొత్తుకుంది.

సరిగ్గా అప్పుడే వరండాలో ధబ్బుమని చప్పుడు. హైమవతి చెప్పు పట్టీ తెగి, పాపం, బోర్లా పడింది. అమ్మానాన్నలందరి ముందూ సిగ్గుతో ముడుచుకుపోయి ఆ చెప్పుని వెనక్కి దాచుకోబోయింది.

"ఏదీ, ఇలాగియ్యమ్మా," అంటూ అప్పలకొండ వరండాలోకి వచ్చి కింద చతికిలబడింది. చెయ్యి గాజు మీదికి పోయింది. ఇక ఆ గాజుకి మిగిలింది ఒకే ఒక్క పిన్నీసు.

హైమవతి లేచి నాలుగడుగులు వేసి చూసింది. నూకరత్నం దగ్గరికొచ్చి చెవిలో అంది: "నా చెప్పుల కథలో ఇది కూడా రాయవే."

ఆ గది ఇప్పుడు లేదు. ఆ పెద్ద పెద్ద కంప్యూటర్లు ఏ పాత సామాన్లలో కలిశాయో. మాస్టారూ లేరు, ఆయన సైకిలూ లేదు. గుమ్మం ముందు పద్దెనిమిది జతలు కలిసి ఎండ కాచుకున్న మధ్యాహ్నాలు తలుచుకుంటే మాత్రం నాకు ఇప్పటికీ ఆ నాపరాయి చల్లగా అరికాళ్లకి తగులుతుంది.

ఇవన్నీ నీకెలా తెలుసు అంటారా? ఇదిగో, నా గాజు చూడండి. దీనికున్న ఒక్క పిన్నీసూ అమ్మ గాజుకి చివర మిగిలినదే.

అందుకే పిల్లలూ, నలుగురి కథా చెప్పాలనుకునేవాళ్లు ముందుగా కుండీ వెనక దాచుకున్న తమ చెప్పుల్ని తెచ్చి వరసలో పెట్టాలి.